పేరొకచోట, ముఖమొకచోట

నా పేరు చివర ఖాన్ ఉంది. మా అబ్బా పేరు చివరా ఉంది, దాదా పేరు చివరా ఉంది. ఖాన్ అంటే సర్దారు, దొర అని అర్థం. నల్గొండ జిల్లాలో మా ఊళ్లో అబ్బాకి సైకిల్ షాపు ఉండేది. పొద్దుగూకులూ పంక్చర్లు వేసి, చేతులకంటిన గ్రీజు కిరసనాయిలుతో కడుక్కుని ఇంటికొచ్చేవాడు. అదీ మా దొరతనం.

పోయిన నెల మా అమ్మాయి ఉద్యోగాల కోసం బయోడేటా తయారు చేసుకుంది. చదివి తప్పులుంటే చెప్పమని నాకిచ్చింది. తప్పులేం లేవు. పేరు చివర ఖాన్ లేదు.

"ఇది రాయడం మరిచిపోయినవ్ బేటా" అన్నాను.

"మరిచిపోలే అబ్బా. తీసేసిన" అంది. కాసేపాగి తనే నవ్వింది. "ఇప్పుడు నేను జాన్ హారిసన్‌ని."

ఈ మాట మా ఇంట్లో వాళ్లకే అర్థమవుతుంది. మీకూ అర్థం కావాలంటే ఒక సినిమా గురించి చెప్పాలి. స్టార్ ట్రెక్ అనే అమెరికా సినిమా. ముస్లింలు తమ గురించి తాము రాసుకునే పుస్తకంలో అంతరిక్ష నౌకల కథకేం పని అని మీరడగొచ్చు. ఆ రాత్రి నేనూ మా అమ్మాయీ కూచుని ఆ సినిమాలు మళ్లీ చూశాం. చిన్నప్పట్నుంచీ ఈ పేరుతో నాకున్న గొడవంతా వాటిలోనే ఉందని అప్పుడు తెలిసింది.

*

ఎనభైల్లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున స్టార్ ట్రెక్ సీరియల్ వచ్చేది. మా వీధిలో టీవీ ఉన్నది ఒక్క సారు ఇంట్లోనే. సారు మంచివాడు. వీధి పిల్లలందర్నీ లోపలికి రానిచ్చేవాడు. మిగతా పిల్లలు టీవీ ముందర చాప మీద కూచునేవాళ్లు. నేను గడప దగ్గర కూచునేవాణ్ణి. అక్కడ కూచోమని ఎవరూ చెప్పలేదు. నాకే తెలుసు.

ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. బొమ్మ అర్థమయ్యేది. చుక్కల మధ్య ఒక నౌక పోతుంటుంది. నడుమ కుర్చీలో కెప్టెన్ కర్క్. పక్కన మొనదేలిన చెవుల స్పాక్. వెనక ఎర్రబట్టల్లో ఒక నల్లమనిషి, ఉహురా. చుక్కాని దగ్గర జపాన్ ముఖంతో సులు. తర్వాత తర్వాత చెకోవ్ అనే రష్యా కుర్రాడొచ్చాడు. ఇంతమంది ఒక్క గదిలో కూచుని పనిచేసుకునేవాళ్లు. ఎవరూ ఎవర్నీ మీదేవూరు, మీరేమిట్లు అని అడిగేవాళ్లు కాదు. నాకు నచ్చింది అదే. తుపాకులు, మంటలు తర్వాత సంగతి.

ఆ నచ్చడం వెనక ఉన్న విషయాలు పెద్దయ్యాక చదువుకున్నాను. జీన్ రాడెన్‌బెరీ ఈ సీరియల్‌ని 1966లో మొదలుపెట్టాడు. అప్పుడు అమెరికాకీ రష్యాకీ పడదు. అమెరికాలో నల్లవాళ్లు తమ హక్కుల కోసం రోడ్డెక్కి ఉన్నారు. సులు వేషం వేసిన జార్జ్ టకేయి పసితనం రెండో ప్రపంచయుద్ధం నాటి నిర్బంధ శిబిరాల్లో గడిచింది. జపాన్ సంతతి కావడమే ఆ కుటుంబం చేసిన నేరం. అలాంటి మనిషి చేతికి నౌక చుక్కాని ఇచ్చారు. ఉహురా వేసిన నిషెల్ నికల్స్ మధ్యలో మానేద్దామనుకుంటే మార్టిన్ లూథర్ కింగ్ వద్దన్నాడట. ఈ సంగతి ఆమే చెప్పుకుంది. తెరమీద మన మనిషి ఒకడు మామూలుగా కూచుని పనిచేస్తూ కనపడటం ఎంత పెద్ద విషయమో కింగ్‌కి తెలుసు. గడప దగ్గర కూచున్న నాకూ తెలుసు. చెప్పడానికి మాట లేదంతే.

బడి వెనక చింతచెట్టు కింద మేం ఆ నౌక ఆట ఆడేవాళ్లం. నడుమ పెద్ద బండరాయి ఉండేది. అది కెప్టెన్ కుర్చీ. వంతులవారీగా కూచునేవాళ్లం. నా వంతు కూడా వచ్చేది. మా మామూ దుబాయ్ నుంచి ఆ కాసెట్ తెచ్చేదాకా.

*

కాసెట్ పేరు 'ద రాత్ ఆఫ్ ఖాన్'. 1982లో వచ్చిన స్టార్ ట్రెక్ సినిమా. అట్టమీది అక్షరాలు కూడబలుక్కుని చదివాను. కె, హెచ్, ఎ, ఎన్. నా గుండె ఆగినంత పనయింది. మన పేరు! అమెరికా వాళ్ల సినిమా మీద, చుక్కల మధ్యలో మా అబ్బా పేరు! టీవీ, వీసీపీ కిరాయికి తెచ్చారు. వీధిలో పిల్లలందర్నీ నేనే పిలుచుకొచ్చాను. జీవితంలో మొదటిసారి మా ఇంట్లో సినిమా, నేను టీవీ ముందర కూచున్నాను.

అరగంటకి తెలిసిపోయింది, ఆ ఖాన్ దుష్మన్ అని.

మంచం మీద తస్బీ తిప్పుకుంటూ మా దాదీ చూస్తోంది. "కౌన్ హై రే ఉనే? పఠానా?" అని అడిగింది. దుష్మన్ అని చెప్పాను. దాదీ ఆ మనిషిని కాసేపు పరకాయించి చూసింది. తెల్లబడిన పొడుగు జుట్టు, తెరిచిన రొమ్ము. "నామ్ హమారా, కామ్ కిస్కా?" అంది. పేరు మనది, పని ఎవరిది? అని మళ్లీ తస్బీలో పడింది.

ఆ సినిమాలో కర్క్ కోపం పట్టలేక గొంతు చించుకుని "ఖాన్!" అని అరుస్తాడు. ప్రపంచంలో స్టార్ ట్రెక్ చూసినవాళ్లందరికీ ఆ అరుపు తెలుసు. మర్నాడు బళ్లో నాకు తెలిసింది. గేటు దగ్గర్నించి ఒకడు, బోరింగు దగ్గర్నించి ఒకడు, "ఖాన్!" అని అరుపు. నేనూ నవ్వాను. సాయంత్రం ఆటలో బండరాయి దగ్గరికి పోబోతే, "నువ్వెట్ల కెప్టెన్ అయితవురా? నువ్వు ఖాన్‌వి గద" అన్నారు. కక్షతో అన్న మాట కాదు. అది వాళ్లకి లెక్కల్లో ఎక్కం లాగ కనపడింది. ఆ రోజునుంచీ సాయంత్రం ఐదింటికి చింతచెట్టు కింద నేను చచ్చిపోవడం మొదలైంది.

1986 ఏప్రిల్లో షార్జాలో మియాందాద్ ఆఖరి బంతికి సిక్సు కొట్టాడు. పాకిస్తాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్. మర్నాడు బళ్లో అదే అరుపు, అదే పేరు. గొంతు మాత్రం వేరు. ఆ తేడా నాకు తెలిసింది. మిత్రులకి తెలిసిందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

*

ఈ ఖాన్ ఎవరు? ఎక్కణ్ణించి వచ్చాడు? పెద్దయ్యాక వెతికాను.

మొదట వచ్చింది 1967 ఫిబ్రవరిలో, సీరియల్లో 'స్పేస్ సీడ్' అనే ఎపిసోడ్‌లో. అతని పూర్తి పేరు ఖాన్ నూనియన్ సింగ్. ఖాన్‌ని ముందు పెట్టి సింగ్‌ని చివర పెట్టిన పేరు నేనింకెక్కడా వినలేదు. నౌకలో చరిత్ర చదువుకున్న అధికారిణి ఒకామె అతని ముఖం చూసి, ఉత్తర భారతం వాడై ఉంటాడు, బహుశా సిక్కు అంటుంది. గడ్డం లేదు, పగిడీ లేదు. వేషం వేసినవాడు రికార్డో మోంటల్‌బాన్, మెక్సికోలో పుట్టిన నటుడు. గోధుమరంగు రావడానికి ముఖానికి రంగు పూశారు. చిత్రమేమిటంటే కథ తొలి చిత్తుప్రతిలో ఈ మనిషికి ఎరిక్సన్ అనే ఉత్తర యూరప్ పేరుంది. తర్వాతెప్పుడో అతన్ని ఖాన్ చేశారు. మేం అడక్కుండానే మా పేరు అక్కడికి పోయింది.

మోంటల్‌బాన్‌ని నేను తప్పుపట్టను. హాలీవుడ్ తన జాతివాళ్లని దొంగలుగా, బందిపోట్లుగా చూపిస్తోందని బాధపడి 1970లో 'నోసోత్రోస్' అనే సంస్థ పెట్టిన మనిషి ఆయన. నోసోత్రోస్ అంటే స్పానిష్‌లో 'మనం'. తన వాళ్ల ముఖం కోసం అంత కొట్లాడిన మనిషికి పేరు తెచ్చిన వేషం మా పేరున్న దుష్మన్‌ది. ఒక మైనారిటీ నటుడికి దొరికేది ఇంకో మైనారిటీ వేషమే కాబోలు.

ఇంకో సంగతి. కథ ప్రకారం ఖాన్ మామూలు మనిషి కాదు. జన్యువులు మార్చి పుట్టించిన మహాబలుడు. అతను ఆసియా నుంచి మధ్యప్రాచ్యం దాకా భూమిలో పావు వంతుకి పైగా ఏలాడు. ఏ సంవత్సరాల్లో అనుకున్నారు? 1992 నుంచి 1996 దాకా. 1967లో కూచుని అమెరికా రచయితలు ఊహించిన భవిష్యత్తు అది.

నిజం 1992 నాకు తెలుసు. డిసెంబర్ 6 సాయంత్రం మా వీధి ఖాన్‌లందరూ తలుపులేసుకుని రేడియో చుట్టూ కూచున్నారు. బాబ్రీ మసీదు గుమ్మటాలు కూలాయని బీబీసీ ఉర్దూ చెప్తోంది. అబ్బా షాపు నాలుగు రోజులు తెరవలేదు. ఐదోరోజు తెరిస్తే, ఎప్పుడూ వచ్చేవాళ్లే వచ్చారు, ఎప్పటిలాగే గాలి కొట్టించుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అబ్బా కూడా ఏమీ అనలేదు. అంతకుముందు ఆయన గాలి కొడుతూ కబుర్లు చెప్పేవాడు. ఆ తర్వాత చెప్పడం మానేశాడు. కథలోని ఖాన్ ప్రపంచాన్ని ఏలుతున్న సంవత్సరంలో మా ఖాన్‌లు గొంతు తగ్గించి మాట్లాడటం నేర్చుకున్నారు.

*

2009లో స్టార్ ట్రెక్‌ని మళ్లీ మొదట్నించీ మొదలుపెట్టారు. దర్శకుడు జె.జె. అబ్రామ్స్. పాత పాత్రలే, కొత్త నటులు. గతంలో ఒక నౌక మీద దాడి జరిగి కాలం వేరే పాయగా చీలిందని కథ అల్లారు. కాబట్టి ఇకమీద ఏదైనా మార్చొచ్చు. చరిత్రని తిరగరాసుకునే వీలు ఎవరికొస్తుంది చెప్పండి? వాళ్లకొచ్చింది.

అప్పటికి నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. మొదటివారమే చూశాను. సినిమా మొదలు కాగానే యు.ఎస్.ఎస్. కెల్విన్ అనే నౌక. కెప్టెన్ కుర్చీలో ఉన్న మనిషిని చూసి నేను ముందుకి వంగాను. బోడిగుండు, మన ముక్కు, మన కళ్లు. మా పెద్ద మామూ అచ్చం అలాగే ఉండేవాడు. నటుడి పేరు ఫరాన్ తాహిర్. పాకిస్తానీ కుటుంబం. పుట్టింది అమెరికాలో, పెరిగింది లాహోర్‌లో. అమ్మానాన్నలిద్దరూ కళాకారులే. తల్లి తరఫు తాత ఇంతియాజ్ అలీ తాజ్. ఉర్దూలో 'అనార్కలీ' నాటకం రాసినాయన. 'మొఘల్-ఏ-ఆజం' సినిమాకి మూలం ఆ నాటకమే. నానీ హిజాబ్ ఇంతియాజ్ అలీ పెద్ద రచయిత్రి. 1930ల్లోనే విమానం నడపడం నేర్చుకున్న ముస్లిం మహిళ. నానీ నిజంగా విమానం నడిపింది. మనవడు సినిమాలో నౌక నడుపుతున్నాడు. నాకు ఎంత గర్వమయిందో చెప్పలేను.

కాని ఆ కెప్టెన్ కాసేపటికే చనిపోతాడు. తన మనుషుల్ని కాపాడటానికి ఒంటరిగా శత్రువు నౌకలోకి వెళ్తాడు. నీరో అనేవాడు అతన్ని పొడిచి చంపుతాడు. ఆ తర్వాత కుర్చీ కర్క్ తండ్రికి వస్తుంది. సినిమా అంతా ఆ తండ్రి త్యాగం గురించే మాట్లాడుకుంటారు. ముందు పోయిన కెప్టెన్‌ని తలచుకునేవాళ్లు పెద్దగా లేరు. మరి అతని పేరేమిటి? రొబావ్. రిచర్డ్ రొబావ్.

ముఖం మాదే. పేరు మాది కాదు.

అంతకు ఏడాది ముందే, 2008లో, ఇదే ఫరాన్ తాహిర్ 'ఐరన్ మ్యాన్' సినిమాలో వేశాడు. అక్కడ పేరు రజా. అఫ్గనిస్తాన్ గుహల్లో టెర్రరిస్టుల నాయకుడు. ముఖమూ పేరూ రెండూ కలిపి మాకిచ్చింది అక్కడ! గుహలోనైతే రజా కావచ్చు, నౌకలోనైతే రిచర్డ్ కావాలి. 2009 ఆగస్టులో షారుఖ్ ఖాన్‌ని న్యూయార్క్ పక్కన నెవార్క్ ఎయిర్‌పోర్టులో ఆపి ప్రశ్నించారు. అదే సంవత్సరం. అప్పుడు మా ఆఫీసులో ఒకాయన నాతో, "అంతటి షారుఖ్‌నే ఆపారు, మీదేముందండీ" అన్నాడు, ఓదార్పుగా.

*

2013లో రెండో సినిమా వచ్చింది, 'ఇన్‌టు డార్క్‌నెస్'. ఇందులో దుష్మన్ పేరు జాన్ హారిసన్ అని ప్రచారం చేశారు. వేసింది బెనడిక్ట్ కంబర్‌బాచ్, పాలమీగడ లాంటి తెల్లటి ఇంగ్లీషు నటుడు. లండన్‌లో బాంబు పేలుస్తాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అధికారుల మీద కాల్పులు జరుపుతాడు. పట్టుబడ్డాక అద్దాల గదిలో నిలబడి చెప్తాడు, జాన్ హారిసన్ దొంగపేరు, నా పేరు ఖాన్ అని.

థియేటర్లో నేను గట్టిగా నవ్వాను. పక్కనున్నాయన విసుక్కున్నాడు. ఒళ్లో తొమ్మిదేళ్ల నా కూతురు, "అబ్బా, ఈయన మనోళ్లా?" అని అడిగింది. ఏం చెప్పను? జాన్ హారిసన్ అనే మాట మా ఇంట్లో అప్పట్నుంచి ఉంది. ఎవరైనా ఉన్నది దాచి ఇంకోటి చెప్తే, జాన్ హారిసన్ అంటాం.

తెల్లవాడికి ఆ పేరెందుకు పెట్టారని చాలామంది అడిగారు. రచయితల్లో ఒకడైన రాబర్టో ఓర్చి జవాబు చెప్పాడు. రంగున్న మనిషిని, అందులోనూ మధ్యప్రాచ్యాన్ని గుర్తుచేసే మనిషిని దుర్మార్గుడిగా చూపించడం తనకి ఇబ్బంది అనిపించిందన్నాడు. మంచి మాటే. నేను కాదనను. మరి ఆ ఇబ్బంది ముఖం దగ్గరే ఎందుకు ఆగిపోయింది? పేరు దాకా ఎందుకు రాలేదు? ఆ పేరుకి మార్కెట్టు ఉంది కాబట్టి. ఆ అరుపు జనానికి కావాలి కాబట్టి. ఈసారి స్పాక్ చేత అరిపించారు, అంతే తేడా.

రంగున్న నటుడికి రావాల్సిన వేషం తెల్లవాడు లాక్కున్నాడని కొందరు గొడవ పెట్టారు. పోనీలే, ఒక గోధుమరంగు టెర్రరిస్టు తగ్గాడని కొందరు సంతోషించారు. రెండు పక్షాలూ మా కోసమే వాదించుకున్నాయి. దుష్మన్ వేషం మాకు దక్కాలా వద్దా అన్నంత వరకే వాదన. మాకు ఇంకేదైనా వేషం ఉండొచ్చని ఎవరికీ తట్టలేదు.

ఆ తర్వాత వచ్చిన కామిక్ పుస్తకంలో ఈ చిక్కుముడి విప్పారు. ఖాన్ మొదట భారతీయుడిలాగే ఉండేవాడట. నిద్రలో ఉండగా దొరికిన అతనికి గూఢచారి విభాగం వాళ్లు ఆపరేషన్ చేసి ముఖం మార్చారు. జ్ఞాపకాలు చెరిపేశారు. జాన్ హారిసన్ అని కొత్త పేరు పెట్టి తమ ఆయుధాలు తయారు చేయించుకున్నారు. తెలివి కావాలి, ముఖమూ పేరూ జ్ఞాపకమూ వద్దు. ఇది సైన్స్ ఫిక్షన్ అని వాళ్లనుకుంటున్నారు.

*

మొన్న మళ్లీ చూస్తుంటే 2013లో నా కంటికి ఆనని విషయం ఒకటి కనపడింది.

బాంబు పేలాక ఖాన్ పారిపోయి పరాయి గ్రహం మీద దాక్కుంటాడు. పెద్ద అధికారి కర్క్‌కి 72 టార్పెడోలిచ్చి, దూరం నుంచే వాటిని పేల్చి అతన్ని చంపెయ్యమంటాడు. పట్టుకోవడం లేదు, విచారణ లేదు. స్పాక్ అడ్డం తిరుగుతాడు. విచారణ లేకుండా మనిషిని చంపడం మన చట్టంలో లేదంటాడు. స్కాటీ అనే ఇంజనీరు ఆ టార్పెడోలు నౌకలో ఎక్కించుకోనని ఉద్యోగమే వదులుకుంటాడు. చివరికి కర్క్ మనసు మార్చుకుని, బంధించి తెచ్చి కోర్టుకి అప్పజెప్తానని ప్రకటిస్తాడు. అమెరికా డ్రోన్లు పాకిస్తాన్, యెమెన్ కొండల్లో మనుషుల్ని చంపుతున్న రోజుల్లో ఒక వ్యాపార సినిమా ఈ మాట అనడం చిన్న విషయం కాదు.

మా హైదరాబాద్‌లో ఈ మాటకి ఎంత బరువుందో మీకు తెలుసు. 2007 మే 18న, శుక్రవారం, మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకి వచ్చినవాళ్లు చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకొందరు చనిపోయారు. ఆ తర్వాత పదుల సంఖ్యలో ముస్లిం కుర్రాళ్లని పట్టుకెళ్లారు. చచ్చిందీ మేమే, అనుమానితులమూ మేమే. చివరికి ఆ కుర్రాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. 2012లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్లకి నష్టపరిహారం ఇచ్చింది కూడా. ఆ రోజుల్లో మా బస్తీలో తల్లులు కొడుకుల్ని బయటికి పంపేటప్పుడు ఒకటే మాట చెప్పేవాళ్లు. ఎవరైనా పేరడిగితే ముద్దుపేరు చెప్పు.

అందుకే స్పాక్ ఆ మాట అంటుంటే 2013లో నా కళ్లలో నీళ్లొచ్చాయి. చివర ఏమైందో పట్టించుకోలేదు. మొన్న పట్టించుకున్నాను. చివర ఖాన్‌ని పట్టుకుంటారు. కోర్టుకి తీసుకెళ్లరు. మళ్లీ మంచుపెట్టెలో పడుకోబెట్టి తాళం వేస్తారు. తన 72 మంది మనుషుల కోసం చేశానన్నాడు కదా, నిజమో అబద్ధమో తేల్చరు. కోర్టు అన్న మాట తెచ్చిన సినిమాయే దాన్ని మరిచిపోయింది. చచ్చిపోయిన కర్క్ బతికింది ఖాన్ రక్తంతోనే. ఆ రక్తం ఒంట్లో పోసుకుని కెప్టెన్ కొత్త యాత్రకి బయల్దేరతాడు. రక్తమిచ్చినవాడు పెట్టెలో ఉంటాడు. సెప్టెంబర్ 11 తర్వాత యుద్ధాల్లో పనిచేసిన సైనికులకు ఈ సినిమా అంకితమని చివర్లో అక్షరాలు పడతాయి. ఆ యుద్ధాల్లో మన పేర్లున్నవాళ్లు ఎంతమంది పోయారో ఆ అక్షరాలకి అక్కర్లేదు.

ముఖం మార్చారు, కాలాన్నే మార్చారు. ఖాన్ చోటు మాత్రం మార్చలేకపోయారు.

*

సినిమా అయ్యేసరికి రాత్రి పన్నెండు దాటింది. మా అమ్మాయి టీ పెట్టుకొచ్చింది.

"మంచివి కూడ ఉన్నయ్ అబ్బా" అంది. నిజమే. 1993లో మొదలైన 'డీప్ స్పేస్ నైన్' సీరియల్లో డాక్టర్ పేరు జూలియన్ బషీర్. వేసింది సూడాన్‌లో పుట్టిన సిద్దిగ్. ఏడేళ్లపాటు ఒక బషీర్ ఆ అంతరిక్ష కేంద్రంలో అందరికీ వైద్యం చేశాడు. 2016లో వచ్చిన మూడో సినిమాలో టెహరాన్‌లో పుట్టిన షోరే అగ్దష్‌లూ పెద్ద అధికారిణిగా వేసింది. పాత్ర పేరు మాత్రం పారిస్! మళ్లీ అదే కథ. ఇద్దరం నవ్వుకున్నాం.

తర్వాత లాన్ గురించి చెప్పింది. 2022లో మొదలైన కొత్త సీరియల్ 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్'లో నౌక భద్రత చూసే అధికారిణి ఆమె. పూర్తి పేరు లాన్ నూనియన్-సింగ్. ఖాన్ వంశంలో పుట్టింది. ఆ పేరు వల్ల చిన్నప్పుడు తోటి పిల్లలు ఏడిపించేవాళ్లు. పెద్దయ్యాక కాలంలో వెనక్కి వెళ్లి పసివాడైన ఖాన్‌ని చూస్తుంది. చంపే వీలుంది. చంపకుండా వదిలేస్తుంది.

"ఆమె పేరు తీసెయ్యలేదు గద బేటా" అన్నాను. నాకు తెలుసు ఈ మాట అనకూడదని. నోరు జారింది.

మా అమ్మాయి కప్పు కింద పెట్టింది. "ఆ పేరు చూసి కూడ ఉద్యోగమిచ్చిన కెప్టెన్ ఉన్నడు ఆమెకి. నాకున్నడా?"

తర్వాత మెల్లగా చెప్పింది. తనూ ముగ్గురు స్నేహితురాళ్లూ ఆఫీసులకి దగ్గర్లో ఇల్లు వెతుక్కున్నారు. ఫోన్లో మాట్లాడినంతసేపూ బాగానే ఉంది. పూర్తి పేరు చెప్పమ్మా అన్నాక, మా ఇంట్లో వాళ్లు ఒప్పుకోవట్లేదమ్మా అన్నారు. ఒకరు కాదు, ముగ్గురు. ఈ సంగతి నాకు అప్పటిదాకా చెప్పలేదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పండితుల అధ్యయనం ఒకటి 2007లో అచ్చయింది. ఒకే చదువు, పేరు మాత్రం వేరు వేరుగా పెట్టి ప్రైవేటు కంపెనీలకి దరఖాస్తులు పంపి చూశారు. పైకులం హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకి పిలుపొచ్చే అవకాశం దాదాపు మూడో వంతు. దళిత పేరుకి కూడా తక్కువే. ఈ లెక్క నేను ఆమెకి చెప్పలేదు. ఆమే నాకు చెప్పింది.

"నువ్వు పెట్టమంటే పెడత అబ్బా" అంది.

నా దగ్గర జవాబు లేదు. నేను గవర్నమెంటు ఉద్యోగంలో ఉన్నాను. నా పేరు చూసి నన్నెవరూ తీసెయ్యలేరు. నా పరువు కోసం ఆమె భవిష్యత్తుని పందెం పెట్టమనే హక్కు నాకెక్కడిది? పేరు దాచుకున్నవాణ్ణి పిరికివాడనడం తేలిక. దాచుకోవాల్సిన అవసరం ఎవరు తెచ్చారన్నది అడగాలి. ఆ ప్రశ్న మా అమ్మాయిని కాదు, మిమ్మల్ని అడుగుతున్నాను. ఇల్లు అద్దెకిచ్చే మిమ్మల్ని. బయోడేటాలు తిరగేసే మిమ్మల్ని.

బయోడేటా పంపిందట. ఏ పేరుతో పంపిందో నేనడగలేదు.

*

చింతచెట్టు ఆటలో ఒక్కరోజు గురించి మా అమ్మాయికి ఆ రాత్రి చెప్పాను. ఇక్కడా చెప్తాను.

రోజూ చచ్చి చచ్చి ఒకరోజు నేను ఆటకి పోలేదు. షాపు దగ్గర అబ్బా పక్కన కూచున్నాను. నా మిత్రుడొకడు, కంసాలోళ్ల పిల్లవాడు, వెతుక్కుంటూ వచ్చాడు. ఎందుకు రాలేదో నేను చెప్పలేదు. వాడూ అడగలేదు. చెయ్యి పట్టుకుని చింతచెట్టు దగ్గరికి లాక్కుపోయి, బండరాయి మీద కూచోబెట్టాడు.

"ఇయ్యాల నువ్వే కెప్టెన్" అన్నాడు.

"మరి ఖాన్ ఎవరు?" అని ఇంకొకడు.

"నువ్వే గదరా ఖాన్‌వి. కెప్టెన్ ఖాన్" అన్నాడు వాడు నాతో.

"మరి దుష్మన్?"

వాడు కాసేపు ఆలోచించాడు. "ఇయ్యాల దుష్మన్ లేడు. ఊకె పోదాం."

ఆ సాయంత్రం దుష్మన్ లేకుండానే మా నౌక చాలా దూరం పోయింది. చీకటి పడి దాదీ కేకేసేదాకా పోతూనే ఉంది. వాడు ఇప్పుడు సూర్యాపేటలో నగల దుకాణం పెట్టుకున్నాడు. రంజాన్‌కి ఫోన్ చేస్తాడు. ఎత్తగానే, "కెప్టెన్ సాబ్" అంటాడు.